కృష్ణ అంటే నలుపే!

కిష్టయ్య, కిట్టయ్య, కృష్ణవేణి... ఇలాంటి పేర్లు వినిపించని ఊరు తెలుగునాట అరుదు. ముచ్చటపడి ఆ పేరు పెట్టుకునేవారే బిడ్డ నల్లగా పుడితే దిగులు పడుతుంటారు. పెళ్లిచూపుల మాట వచ్చేసరికి “పిల్ల కాస్త రంగు తక్కువ” అని గొంతు తగ్గించి చెబుతారు. అయితే సంస్కృతంలో కృష్ణ అంటేనే నలుపు. చీకటి రాత్రుల పక్షాన్ని కృష్ణపక్షం అనడం అందుకే.

మహాభారతంలో ఈ పేరు దేవకీనందనుడి ఒక్కడిదే కాదు. భారతం రచించిన వ్యాసుడు నల్లనివాడు. యమునా నది ద్వీపంలో పుట్టినందున కృష్ణద్వైపాయనుడయ్యాడు. అర్జునుడి పది పేర్లలోనూ కృష్ణ ఒకటి. తన మేనిఛాయ చూసి తండ్రి ముద్దుగా పెట్టిన పేరది అని విరాటపర్వంలో ఉత్తరకుమారుడికి అతడే చెబుతాడు. యజ్ఞవేదిక నుంచి పుట్టిన ద్రౌపదీ నల్లనిదే. ఆమెకూ కృష్ణ అనే పేరుంది. ఆమెను గెలవాలని దేశదేశాల రాజులు స్వయంవరానికి తరలివచ్చారు. రంగు ఎవరికీ అడ్డు కాలేదు.

రైతుకు దగ్గరైన అర్థం ఇంకొకటి ఉంది. నల్లని ఇనుప నాగటికర్రునై భూమిని దున్నుతాను, నా రంగూ నలుపే, అందుకే నేను కృష్ణుడిని అని శాంతిపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునుడితో అంటాడు. సేద్యానికి కృషి అనే పేరు కూడా దున్నడం నుంచి వచ్చిందే.

నల్లరేగడి చేను చూసి మురిసిపోయే రైతు, నల్లని బిడ్డను చూసి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.