కడలి దాటు కట్టెలు

కట్టెను నరికి, ఎండబెట్టి, కాల్చుకొనుట మానవుడు నిప్పును ఎరిగిన నాటినుండి చేయుచున్న పనియే. అయితే కట్టె దూరప్రయాణములకు తగిన సరుకు కాదు. అది బరువైనది, చాల చోటు పట్టునది. ఎడ్లబండి ఎంతదూరము మోయగలదో అంతవరకే వంటచెఱకు వర్తకము సాగెడిది. గడచిన పాతిక సంవత్సరములకు పైగా ఈ హద్దు చెరిగిపోవుచు వచ్చినది. నేడు అమెరికాలో పెరిగిన చెట్టు ఇంగ్లండులో దీపములు వెలిగించుచున్నది. ఈ వర్తకము ఎట్లు నడచుచున్నదో, దానిని గూర్చి ఇంత వాదము ఏల చెలరేగినదో మన శ్రోతలకు వివరింపదలచినాము.

ముందుగా సరుకును చూతము. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. దానిని కాల్చినచో వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయుటకే సరిపోవును. తడికట్టెతో పొయ్యి రాజేసిన ఇల్లాలికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేత కార్ఖానాలో కట్టెను ముక్కలుచేసి, తేమ నూటికి 10 పాళ్లకు లోబడునట్లు ఆరబెట్టి, పొడిచేసి, చిల్లులు గల ఉక్కు దిమ్మెలగుండ గట్టిగా నొక్కుదురు. ఆ ఒత్తిడిలో పుట్టిన వేడికి కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి జిగురువలె పట్టుకొనును. 6 నుండి 8 మిల్లీమీటర్ల లావు గల గుళికలు వెలువడును. చూచుటకు అవి పశువుల దాణా గుళికలవలె నుండును. ఒక టన్ను గుళికలకు సుమారు 2 టన్నుల పచ్చికట్టె కావలెను. తేమ పోయి, బిగిసి, ఒకే తీరున ఉండుటవలన వీనిని ధాన్యమువలె ఓడలో పోయవచ్చును.

ఈ పరిశ్రమ ఆరంభములో నిరపాయకరమైనదే. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట స్వీడన్ మున్నగు దేశములు తమ కోతమిల్లులలో గుట్టలుగ పడియున్న రంపపు పొట్టును ఇంధనముగ మార్చుకొనసాగినవి. 1998లో కెనడా పడమటి తీరమునందలి బ్రిటిష్ కొలంబియానుండి గుళికలు ఓడలో స్వీడనుకు చేరినవి. వృథాగ పోవు పొట్టు పనికివచ్చుట ఎవరికిని అభ్యంతరము కాలేదు.

వర్తకము పెరిగిన తరువాత చిక్కు వచ్చినది. ఇంగ్లండు ఉత్తరభాగమున, యార్క్‌షైరులో డ్రాక్స్ అను విద్యుత్కేంద్రము కలదు. బొగ్గుతో నడచుటకై 1970, 1980వ దశకములలో నిర్మింపబడిన ఈ కేంద్రమున 6 యంత్రములుండెను. 2013 మొదలు 2018 వరకు వానిలో నాలుగింటిని గుళికలకు మార్చిరి. ఈ మార్పు ముగిసిన పిమ్మట అచ్చట ఏటా సుమారు 70 లక్షల టన్నుల గుళికలు కాల్చిరి. అందులో పెద్దభాగము అమెరికా ఆగ్నేయ రాష్ట్రములనుండి ఓడలలో వచ్చి, రేవులనుండి మూతగల రైలుపెట్టెలలో కేంద్రమునకు చేరును. ఇటు ఆసియాలో వియత్నాం గుళికలు జపానుకును దక్షిణ కొరియాకును పోవుచున్నవి. ఇంత సరుకునకు రంపపు పొట్టు ఒక్కటియే చాలదు. అడవినుండి నేరుగ వచ్చు దుంగలును అందు చేరినవి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. కట్టె కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడును. అంతర్జాతీయ వాతావరణ నిపుణుల సంఘము వాడు ప్రమాణముల ప్రకారము ఒక గిగాజౌలు వేడికి రాతిబొగ్గు సుమారు 95 కిలోగ్రాములు విడిచినచో, కట్టె 112 కిలోగ్రాములు విడుచును. అట్లయినను విద్యుత్కేంద్రపు లెక్కలో కట్టె పొగకు సున్న వేయుదురు. ఇది మోసము కాదు, పద్దుల పద్ధతి. చెట్టును నరికిన దేశము ఆ నష్టమును తన అడవుల ఖాతాలో వ్రాసుకొనవలెను. కాల్చిన దేశము మరల వ్రాసినచో ఒకే ఖర్చు రెండుమారులు పడును. అందుచేతనే ఈ నియమము ఏర్పడినది.

పద్ధతి సరియైనదే కాని, అది సరిగ నడచుటకు ఉభయ దేశములును ఖాతా తెరచి, ఆ ఖాతాకు కట్టుబడి యుండవలెను. 1997నాటి క్యోటో ఒడంబడికను అమెరికా ధ్రువపరచలేదు. అనగా ఆ ఒడంబడిక క్రింద ఐరోపా దేశములకు పరిమితి యుండెను, కట్టె నమ్మిన దేశమునకు లేకుండెను. 2009లో ఐరోపా సమాఖ్య పునరుత్పాదక శక్తికి లక్ష్యములు విధించి, కట్టె పొగను సున్నగ ఎంచుటతో కొనుగోలుకు ప్రోత్సాహము లభించినది. సరుకు కడలి దాటినది గాని, దాని అప్పు చీటీ వెంటరాలేదు.

ఈ అప్పు తీరు కాలము కట్టెనుబట్టి యుండును. మిల్లులోని పొట్టును కాల్చకున్నను అది కొలది సంవత్సరములలో క్రుళ్లి అదే వాయువును విడుచును. కనుక అచ్చట అప్పు స్వల్పము. పైన్ తోటలో పలుచన చేయుటకై తీసిన సన్నని మ్రాకుల సంగతి మధ్యరకము. బ్రదికియున్న పెద్ద వృక్షమును నరికి కాల్చినచో, దాని చోట మొలచిన మొక్క అంత కార్బనును మరల కూడబెట్టుటకు అనేక దశాబ్దములు పట్టును. 2018లో సుమారు 800 మంది శాస్త్రజ్ఞులు ఐరోపా పార్లమెంటునకు వ్రాసిన లేఖలో హెచ్చరించినది దీనినే. ఎదుటిపక్షము వారి మాటయు త్రోసివేయదగినది కాదు. అమెరికా ఆగ్నేయ భాగమున అడవులు చాలవరకు ప్రైవేటు ఆస్తులు. కలపకు గిరాకి యున్నంతకాలము యజమాని మరల చెట్లే నాటును, లేనిచో నేలను ఇండ్లస్థలములకు అమ్మివేయునని వారందురు. ఏది నిజమగునో ఆయా ప్రాంతమును చూచి తేల్చవలసినదే.

అందుకొరకే ధ్రువపత్రముల ఏర్పాటు వచ్చినది. 2013లో గుళికలు కొను సంస్థలు కలిసి కట్టె పుట్టుక తెలుపు ఒక ధ్రువీకరణ పథకమును స్థాపించినవి. పత్రము ఉన్నంతమాత్రమున చాలదని తరువాత తేలినది. కెనడా కట్టె రకములను గూర్చిన వివరములు సరిగ నివేదింపనందుకు 2024లో డ్రాక్స్ సంస్థ బ్రిటిష్ విద్యుత్ నియంత్రణ సంస్థతో ఒప్పందము చేసికొని 2 కోట్ల 50 లక్షల పౌనులు చెల్లించినది. తప్పు బుద్ధిపూర్వకమనుటకు ఆధారము లేదని నియంత్రణ సంస్థ తెల్పినది. 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వము 2027 తరువాతి సహాయమును సుమారు సగమునకు తగ్గించి, కట్టె నూటికి 70 పాళ్లు గాక, నూటికి నూరుపాళ్లు నిలుకడగల వనరులనుండియే రావలెనని నిర్ణయించినది.

మనుష్యుల సంగతియు మరువరాదు. గుళికలు నిలువయున్న చోట గాలిలోని ప్రాణవాయువు తగ్గి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడు పేరుకొనును. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బర్గ్ రేవులో ఓడలోనికి దిగు మెట్లకడ ఒక నావికుడు ఇట్లే ప్రాణము కోల్పోయెను. మిసిసిపి రాష్ట్రములోని గ్లాస్టర్ అను చిన్న పట్టణమున గుళికల కార్ఖానా గాలిని పరిమితికి మించి కలుషితము చేసినదని రాష్ట్ర ప్రభుత్వము 25 లక్షల డాలర్లు జరిమానా విధించినది. దీపము ఒకచోట, పొగ వేరొకచోట.

మన దేశములో గుళికలు అడవినుండి గాక పొలమునుండి రావలెనని సంకల్పము. 2021లో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ బొగ్గు కేంద్రములలో పంటల మోళ్లు, గడ్డి మొదలగువానితో చేసిన గుళికలను నూటికి 5 పాళ్లు కలుపవలెనని ఆదేశించినది. పైరు ఏడాదిలో మరల పెరుగును గనుక అప్పు త్వరగ తీరును. ఉత్తరాదిని పొలములలోనే తగులబెట్టు గడ్డికి ఇది మంచి మార్గము. మన తెలుగు జిల్లాలలో వరిగడ్డి పశువుల మేత. దానిని బాయిలరునకు పంపుటకు ముందు పశువునకు మిగులునా అని చూడవలెను.

కావున ఏ కట్టె ఇంధనమును గూర్చి విన్నను శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఈ ద్రవ్యమును కాల్చకున్నచో ఏమగును? అది మరల పెరుగుటకు ఎన్నియేండ్లు పట్టును? దాని నష్టమును ఎవరు, ఏ ఖాతాలో వ్రాసికొనుచున్నారు? ఈ మూడింటికి స్పష్టమైన సమాధానమున్న వర్తకము మేలైనది. సమాధానము దొరకనిచోట, దూరపు అడవి తరుగుట పద్దులలో కనబడకుండుటయే లాభముగ లెక్కింపబడును.