పాట ఆమెది... ప్రసంగం ఆయనది!

మీ ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, నాయనమ్మో ఉన్నారా? పాత సంగతులు అడిగితే "నాకేం గుర్తుందే తల్లీ" అని మాట దాటేస్తున్నారా? అయితే ఈ ఆదివారం ఓ చిన్న పని చేసి చూడండి. ఆవిడ వయసులో ఉన్నప్పటి పాట ఒకటి వినిపించండి. అది కాగానే అదే కాలం నాటి ఓ నాయకుడి ప్రసంగం, రెండంటే రెండే నిమిషాలు పెట్టండి. ఉత్త పాటయితే "బావుంది" అని ఊరుకుంటారు. ఉత్త ప్రసంగమయితే కునుకు తీస్తారు. రెండూ పక్కపక్కన పడ్డాయా... "అప్పట్లో కిలో బియ్యం ఎంతనుకున్నావ్?" అంటూ ఆవిడే మొదలుపెడతారు!

ఇదేం కొత్త కిటుకు కాదు. మన రేడియో ఎప్పుడో చేసి చూపించింది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీలో నెహ్రూ ప్రసంగించారు. ఆ స్వాతంత్ర్య సంబరాల్లోనే మద్రాసు రేడియో కేంద్రం నుంచి 'మాదీ స్వతంత్ర దేశం' అనే గీతం తెలుగువాళ్ళ చెవిన పడింది. రాసి, బాణీ కట్టింది బాలాంత్రపు రజనీకాంతరావు. పాడింది టంగుటూరి సూర్యకుమారి. విజయవాడకు సొంత రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న గానీ రాలేదు. అంతవరకూ మనకు మద్రాసే దిక్కు. నెహ్రూగారి ఇంగ్లీషు మన కృష్ణా జిల్లా పల్లెల్లో ఎంతమందికి అర్థమయి ఉంటుంది చెప్పండి? స్వాతంత్ర్యం వచ్చిందన్న సంగతి వాళ్ళ భాషలో చెప్పింది ఆ పాటే. తర్వాత రజని విజయవాడ కేంద్రానికి డైరెక్టరుగా వచ్చారు. తెల్లవారుజామున 'భక్తిరంజని'తో ఇంటింటికీ చుట్టమయ్యారు. 2018లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.

సూర్యకుమారి ఎవరో కాదు, ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెదనాన్నగారి సభల్లో దేశభక్తి గీతాలు పాడింది. ఇక్కడే ఓ సంగతి గమనించండి. పాట అమ్మాయిది, ప్రసంగం పెద్దాయనది! ఈ పంపకం అక్కడితో ఆగలేదు.

బుర్రకథా? ఆడవాళ్ళా?

1940లలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రజానాట్యమండలి ఊపు మీద ఉండేది. మోటూరి ఉదయం ఆడవాళ్ళతో బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. గజ్జె కట్టి, తంబురా పట్టి ఆడవాళ్ళు కథ చెప్పడమా అని ముక్కున వేలేసుకున్న రోజులవి. పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ కూడా అలా పాడినవారే. ఊహ తెలియకముందే పెళ్ళి, వెంటనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, ఉద్యమం, అజ్ఞాతవాసం... జనం పోగయ్యేవరకూ ఈ తల్లులు పాడేవారు. పోగయ్యాక ఎక్కువగా మగ నాయకులే మాట్లాడేవారు. కోటేశ్వరమ్మ తన మాట తాను చెప్పుకున్న పుస్తకం 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడకు తొంభై నాలుగేళ్ళు!

పాటలకు పార్టీ కట్టుబాట్లుండవు. 'చెయ్యెత్తి జైకొట్టు తెలుగోడా' రాసిన వేములపల్లి శ్రీకృష్ణ కమ్యూనిస్టు నాయకుడు. 1952లో 'పల్లెటూరు' సినిమాలో, మన చౌటపల్లి బిడ్డ ఘంటసాల సంగీతంలో అది మారుమోగింది. అందులో హీరో ఎన్టీ రామారావు. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో దక్కినవి పదిహేనే. పాట గెలిచింది, పార్టీ ఓడింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే పాట తెలుగుదేశం సభల్లో మైకులెక్కింది!

1977 జాగ్రత్త

ఒక్క మాట. 1977 అనగానే చాలామందికి 'అడవి రాముడు' పాటలు, ఎమర్జెన్సీ తర్వాతి ఎన్నికలు గుర్తొస్తాయి. కానీ మీ పెద్దావిడది నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు అయితే ఆ ఏడాది జోలికి తొందరపడి పోకండి. నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ మొత్తం శవాల దిబ్బయింది. హుషారు పాట పెట్టి ఆ రాత్రిని లేపడం ఎందుకు? ఆవిడే ఎత్తితే వినండి. లేకపోతే వదిలేయండి.

"ఆడపడుచుల్లారా!"

ఇక 1982. ఆ ఏడాది మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. నిమ్మకూరు రామారావు చైతన్యరథం ఎక్కారు. ముందు పాటల క్యాసెట్టు, వెనక ఆయన గొంతు. అర్ధరాత్రి దాటినా హారతి పళ్ళేలతో రోడ్డు పక్కన నిలబడ్డ ఇల్లాళ్ళ సంగతి మీ ఇంట్లో అడగండి, ఎవరో ఒకరు "నేనూ ఉన్నా" అంటారు. మీటింగంటే మగవాళ్ళదే అనుకునే రోజుల్లో ఒకాయన తమనుద్దేశించి మాట్లాడటం వాళ్ళకు పండగలా ఉంది.

మరి ఆ మాటలు నిలబడ్డాయా? ఈ ఆటలో అసలు రుచి ఇక్కడే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లకూ పిత్రార్జితంలో సమాన వాటా అన్నారు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకు అప్పట్లో ఆ వాటా ఇవ్వలేదు! ఆ పాటకు తాళం వేస్తూనే "నా పెళ్ళప్పటికే అయిపోయింది, నాకేం ఇచ్చారూ?" అని మూతి విరిచే పెద్దమ్మలు మన పక్క లేకపోలేదు.

'పుణ్యభూమి నా దేశం' కూడా అంతే. 1993లో 'మేజర్ చంద్రకాంత్' కోసం జాలాది రాశారు. ఆయనదీ గుడివాడ ప్రాంతమే. అప్పటికే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడి ఉన్నారు. 1994 డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం రోజే రామారావు మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1997లో నిషేధాన్ని ఎత్తేశారు. పాట మాత్రం ఇప్పటికీ ప్రతి జెండా పండక్కీ మోగుతోంది. ఆ పాట పక్కన మద్యనిషేధం ప్రసంగం పెట్టి వినండి, మనకు రావలసిన బాకీ ఎంతో లెక్క తేలుతుంది.

మీరూ చేయదలిస్తే

పాట ముందు, ప్రసంగం వెనక. "గుర్తుందా?" అని పరీక్ష పెట్టకండి. "అప్పుడు ఏ ఇంట్లో ఉన్నావు? రేడియో ఎక్కడుండేది?" అనడగండి. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టిన సంగతి, పంచాయతీ రేడియో చుట్టూ మూగిన సంగతి వాటంతటవే వస్తాయి. మనవలు "ఇప్పుడు పాటా?" అని విసుక్కుంటే రేడియోకు లైసెన్సేమిటో ఆవిడనే అడగమనండి, కదలరు.

ప్రసంగం అయ్యాక ఫోనులో రికార్డింగు నొక్కి, మూడో వంతు ఆవిడకివ్వండి. ముందుగా పేరు, ఊరు, ఏడాది చెప్పించండి. మధ్యలో సరిదిద్దకండి. అన్నట్టు ఫ్యాను ఆపడం, పొయ్యి మీది కుక్కరు దించేయడం మర్చిపోకండి. పాతికేళ్ళ తర్వాత మీ మనవరాలు విన్నప్పుడు ఆవిడ మాటకు విజిలు అడ్డం రాకూడదు కదా!