దీఘా ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది?

ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు రైలులో వెళ్లే తెలుగువారికి జలేశ్వర్ దాటిన కొద్దిసేపటికే ఒక పొడవైన వంతెన వస్తుంది. కింద సువర్ణరేఖ. వేసవిలో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపించే నది. సెలవు దొరికితే ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలు విహారానికి వెళ్లే దీఘా తీరానికీ, ఈ వంతెన కింది ఇసుకకూ దగ్గరి చుట్టరికం ఉంది. అది తెలిస్తేగాని దీఘాలో సముద్రం ఎందుకు ముందుకు చొచ్చుకు వస్తున్నదో బోధపడదు.

తీరం కథ కొండల్లో మొదలవుతుంది. పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, వాననీటిలోని స్వల్ప ఆమ్లానికి లోబడి శిలలు క్రమంగా బలహీనపడతాయి. ఇది శిలాశైథిల్యం. ఖరగ్‌పూర్ వాసులు దీనికి ఉదాహరణ వెతకనక్కరలేదు. రైల్వే క్వార్టర్ల చుట్టూ, ఐఐటీ ప్రాంగణంలో కనిపించే ఎర్రని లేటరైట్ నేల అదే. యుగాల తరబడి కురిసిన వానలు సిలికాను కడిగివేయగా, మిగిలిన ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. శిథిలమైన దానిని నీరో గాలో తరలించుకుపోతే అది క్రమక్షయం. పరీక్షల్లో పిల్లలు ఈ రెండింటినీ తరచూ తారుమారు చేస్తుంటారు. రాంచీ సమీపాన ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలో పుట్టిన సువర్ణరేఖ అక్కడి శిలల పొడిని మోసుకుంటూ జంషెడ్‌పూర్, ఘాట్‌శిలల మీదుగా సాగి, దీఘాకు పడమరన ఒడిశాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది.

ఆ ఇసుకను పంచే పని కెరటాలది. కెరటం సాధారణంగా ఒడ్డుకు ఏటవాలుగా వస్తుంది. ఇసుక రేణువును ఏటవాలుగానే పైకి నెడుతుంది. వెనుదిరిగే నీరు మాత్రం వాలును పట్టి నేరుగా దిగుతుంది. అందువల్ల ప్రతి కెరటానికీ రేణువు కాస్త పక్కకు జరుగుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో ఈ ప్రయాణం ఆంధ్ర, ఒడిశా తీరాల వెంట ఉత్తరానికి, తీరరేఖ మళ్లే దీఘా వద్ద తూర్పుకు సాగుతుంది. ఈశాన్య గాలుల వేళ కొంత వెనక్కి మళ్లినా, ఏడాది మొత్తం మీద మొదటిదానిదే పైచేయి. దీఘా ఒడ్డున మనం కూర్చున్న ఇసుక నిన్న పడమటి ఊరిది, రేపు తూర్పు ఊరిది.

తుపాను కెరటాల తీరు వేరు. అవి ఒడ్డును కోసి, ఆ ఇసుకను సముద్రంలో కొద్దిదూరాన దిబ్బగా పోస్తాయి. ప్రశాంత ఋతువులో చిన్న అలలు దానిలో కొంత తిరిగి చేరుస్తాయి. ఒడ్డు వెనుక ఉండే ఇసుక తిన్నెలు ఈ లావాదేవీలో నిల్వ సొమ్ము వంటివి. దీఘాలో ఆ తిన్నెలను చదును చేసి హోటళ్లు, రోడ్లు వేశారు. 2021 మే 26న యాస్ తుపాను బాలేశ్వర్ సమీపాన తీరం దాటింది. ఆనాడు పౌర్ణమి. సముద్రపు పోటు, తుపాను ఉప్పెన ఏకమై గట్టు దాటి దీఘా వీధుల్లోకి వచ్చాయి.

ఆ గట్టును పట్టణ రక్షణకై దశాబ్దాలుగా విడతలు విడతలుగా కట్టారు. దాని వెనుక కట్టడాలు నిలిచిన మాట నిజమే. అయితే ఇసుక వాలుపై ఎగబాకి నీరసించవలసిన కెరటం రాతిని తాకితే, చాలా బలం మిగుల్చుకొని వెనుదిరుగుతుంది. గట్టు పాదం వద్ద ఇసుకను తవ్వుతుంది. పాత దీఘాలో పోటు వేళ నడవడానికి ఇసుక మిగలదు, రాళ్ల మీద కూర్చోవలసిందే. పైగా గట్టు వెనుక చిక్కుకున్న ఇసుక ఇక తూర్పుకు ప్రయాణించదు. ఆ లోటు శంకర్‌పూర్, చాంద్‌పూర్ తీరాలపై పడింది. అక్కడ సరుగుడు చెట్లు వేళ్లతో సహా కూలాయి. హోటలు నిలిచింది గాని పొరుగున మత్స్యకారుడు వల ఆరబెట్టుకునే చోటు పోయింది. గట్టు ఖర్చులో ఈ నష్టాన్నీ కలిపి లెక్కించడమే న్యాయం.

చెన్నైలోని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు తీరరేఖ మార్పులను పరిశీలించింది. పశ్చిమ బెంగాల్ తీరంలో 60.5 శాతం కోతకు గురవుతున్నదని, ఆంధ్రప్రదేశ్‌లో అది 28.7 శాతమని తేల్చింది. శాతం తక్కువ గదా అని ఆంధ్ర తీరవాసులు నిశ్చింతగా ఉండే వీలు లేదు. కాకినాడ సమీపాన ఉప్పాడలో సముద్రం ఇళ్లను, బీచ్ రోడ్డును పదేపదే కబళిస్తూనే ఉంది. రక్షణకు వేసిన ఇసుక నింపిన జియో ట్యూబులూ కెరటాల ధాటికి దెబ్బతిన్నాయి.

విశాఖపట్నంలో మరో మార్గం అనుసరిస్తున్నారు. అక్కడ ఔటర్ హార్బరు గోడలు ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డగించాయి. ఆ మేరకు ఆర్.కె. బీచ్‌కు ఇసుక కరువైంది. పోర్టు వారు రేవు వద్ద పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి, బీచ్ వైపు పోయిస్తుంటారు. పోసిన ఇసుక అక్కడే నిలవదు. కెరటాల వెంట భీమిలి దిక్కుకు కదిలిపోతుంది. అందువల్ల ఆ పని ఒకసారి చేసి వదిలేయడానికి లేదు, మళ్లీ మళ్లీ పోయవలసిందే.