ధహ్రాన్‌కు ఒక ఫిజియోథెరపిస్టు కావాలి

సౌదీ అరేబియా తూర్పు తీరంలో దమ్మామ్, ఖోబర్, ధహ్రాన్ అనే మూడు ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 1938లో ధహ్రాన్ దగ్గర ఏడో నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడింది. ఆ దేశపు చమురు కథ అక్కడే మొదలైంది. ఇప్పుడు సౌదీ ఆరామ్‌కో ప్రధాన కార్యాలయం ధహ్రాన్‌లోనే ఉంది. 2014లో ఆరామ్‌కో, అమెరికాకు చెందిన జాన్స్ హాప్‌కిన్స్ కలిసి ఏర్పాటు చేసిన వైద్య సంస్థ కూడా ఆ ఊరిదే.

మోకాలి చిప్ప మార్పిడి అయినవారిని మళ్లీ నడిపించాలి. పక్షవాతం వచ్చిన చేతిని మళ్లీ కదిలించాలి. ఈ పని చేసేది ఫిజియోథెరపిస్టు. అలాంటి ఒకరిని గుంటూరు నుంచో, వరంగల్ నుంచో, మన డర్బన్ నుంచో ధహ్రాన్‌కు ఎలా కుదుర్చుకుంటారు? సముద్రం దాటి పనికి వెళ్లినవారి పిల్లలం కాబట్టి ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. అప్పుడూ ఇప్పుడూ తేలాల్సినవి మూడే. మాట ఎవరిది? ఖర్చు ఎవరిది? కాగితంలో ఏముంది?

ఐదుగురిలో ఒకరు

ముందు ఒక లెక్క తెలుసుకోవాలి. సౌదీ ప్రభుత్వం కొన్ని వృత్తుల్లో తమ పౌరులకే ఎక్కువ ఉద్యోగాలు కేటాయిస్తోంది. ఫిజియోథెరపీలో ఆ వాటా 80 శాతం. ఈ నిబంధన 2025 ఏప్రిల్ 17న పెద్ద నగరాల్లో మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 17 నుంచి మిగిలిన చోట్లకూ వర్తించింది. అంటే ఒక ఆసుపత్రిలో ఐదుగురు ఫిజియోథెరపిస్టులు ఉంటే నలుగురు సౌదీవారే కావాలి. బయటివారికి మిగిలేది ఒక్క చోటు.

అందుకే "సౌదీలో ఫిజియోథెరపిస్టులు వంద మంది కావాలి, వెంటనే రండి" అని ఎవరైనా చెబితే ఆగి ఆలోచించాలి. ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఎన్ని చోట్లు అని అడగాలి. కుదుర్చుకునేవారు కూడా ఆ ఒక్క చోటుకు ఎలాంటి మనిషి కావాలో ముందే తేల్చుకోవాలి. ఎముకల విభాగానికా, నరాల విభాగానికా, పిల్లలకా? ఆడ రోగుల కోసం మహిళా ఫిజియోథెరపిస్టు కావాలా? ఇవన్నీ ప్రకటనలోనే రాస్తే ఇద్దరికీ సమయం మిగులుతుంది.

చదువును ఎవరు నమ్మాలి?

పత్రం చూపిస్తే సరిపోదు. సౌదీలో వైద్య వృత్తులకు అనుమతి ఇచ్చేది ఆరోగ్య వృత్తుల కమిషన్. దాని ముందు అభ్యర్థి మూడు మెట్లు ఎక్కాలి.

మొదటిది ధ్రువీకరణ. డేటాఫ్లో అనే సంస్థ అభ్యర్థి చదివిన విశ్వవిద్యాలయాన్నే నేరుగా అడుగుతుంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా "అవును, ఈ పట్టా మేమే ఇచ్చాం" అని జవాబివ్వాలి. పాత ఉద్యోగాల అనుభవ పత్రాలనూ ఇలాగే చూస్తారు. రెండోది ప్రోమెట్రిక్ కేంద్రంలో కంప్యూటర్ మీద రాసే పరీక్ష. మూడోది వర్గీకరణ. అభ్యర్థి స్పెషలిస్టా, టెక్నీషియనా అన్నది ఇక్కడ తేలుతుంది. జీతం, హోదా దాన్ని బట్టి ఉంటాయి. వీసా మీద రాసిన ఉద్యోగం పేరు, ఈ వర్గీకరణ ఒకదానికొకటి సరిపోవాలి. "ముందు వేరే వీసా మీద రండి, తర్వాత మారుద్దాం" అనే మాటను ఒప్పుకోకూడదు.

ఇంటర్వ్యూలో నొప్పి మాటలు

పరీక్షలో మార్కులు వచ్చినా, చేతి పని చూడాలి. మంచి ఇంటర్వ్యూలో ఒక కేసు చెప్పి "మొదటి రోజు ఏం చేస్తారు? ఏం చేయరు?" అని అడుగుతారు. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే అనుభవం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకొకటి, భాష. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పుండు సలుపుతుంది. కాళ్లు పీకుతాయి. నరం గుంజుతుంది. మెడ పట్టేస్తుంది. మడమ బెణుకుతుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఒక్కో మాట ఒక్కో జబ్బు వైపు చూపిస్తుంది. ధహ్రాన్‌లో రోగి ఇవన్నీ అరబీలో చెబుతాడు. అక్కడ నొప్పిని "వజా" అంటారు. "షువయ్ షువయ్" అంటే కొంచెం కొంచెంగా, మెల్లగా అని. ఆసుపత్రిలో ఇంగ్లీషు నడుస్తుంది. కానీ మోకాలు వంచేటప్పుడు పెద్దాయనకు ధైర్యం చెప్పేది ఈ రెండో మాటే. వచ్చే మనిషికి కొంచెం అరబీ నేర్పించడం కూడా యజమాని పనిలో భాగమే.

ఖర్చు ఎవరిది?

మన తాతముత్తాతల కాలంలో ఊళ్లో మనుషుల్ని పోగుచేసి మద్రాసు డిపోకు చేర్చేవాళ్లు ఉండేవారు. తలకు ఇంత అని వాళ్లకు కమీషన్ ముట్టేది. అందుకే తీపి మాటలు చెప్పేవారు. ఇప్పుడు ఆ స్థానంలో ఏజెంటు ఉన్నాడు. భారతదేశంలో ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అతను అభ్యర్థి దగ్గర తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపుతాయి.

సౌదీ కార్మిక చట్టంలోని 40వ నిబంధన ఇంకా స్పష్టం. విదేశీయుణ్ణి రప్పించుకునే రుసుము, ఇకామా, పని అనుమతి, వాటి పునరుద్ధరణ ఖర్చులు యజమానివే. ఇకామా అంటే నివాస అనుమతి కార్డు. పని ముగిశాక ఇంటికి తిరుగు టికెట్టు కూడా యజమానే ఇవ్వాలి. డేటాఫ్లో, పరీక్ష రుసుములు ఎవరు కట్టాలో మాత్రం ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. అప్పు చేసి వచ్చిన మనిషి అన్యాయం జరిగినా నోరెత్తలేడు. మన ఇళ్లలో ఆ కథ తెలియనివారు తక్కువ.

సంతకానికి ముందు

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ వెళ్లాయి. ఆ ప్రయాణికుల్లో చాలామంది తాము చదవలేని కాగితం మీద వేలిముద్ర వేశారు. ఆ అగ్రిమెంటు మాటే ఫిజీలో గిర్మిట్ అయింది. గడువు తీరకముందే పని వదిలితే అది నేరం.

ఇప్పటి ఒప్పందంలో చూడాల్సినవి ఇవి. సౌదీలో విదేశీయుల ఒప్పందం రాతపూర్వకంగా, గడువుతో ఉండాలి. ప్రొబేషన్ 180 రోజులు మించకూడదు. పని వారానికి 48 గంటలు మించకూడదు. ఏడాదికి కనీసం 21 రోజుల సెలవు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు నిండితే 30 రోజులు. గడువు తీరాక సేవా పారితోషికం ఉంటుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. 2021 మార్చి 14 నుంచి, ఏడాది పనిచేసినవారు నోటీసు ఇచ్చి, యజమాని సమ్మతి లేకుండానే వేరే ఉద్యోగానికి మారవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికి ఈ మార్పు వర్తించలేదు.

ఒక్క జాగ్రత్త మరవకండి. ఇంగ్లీషు ప్రతికీ అరబీ ప్రతికీ తేడా వస్తే అరబీ ప్రతే చెల్లుతుంది. కాబట్టి ఇంటర్వ్యూలో చెప్పిన జీతం, ఇల్లు, పని గంటలు అరబీలో కూడా అలాగే ఉన్నాయా అని తెలిసినవారితో చదివించుకోవాలి. యజమాని దాచడానికి ఏమీ లేకపోతే, ఆ రెండు రోజుల గడువు ఇవ్వడానికి వెనుకాడడు. మీ ఇంట్లో ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలుంటే ఈ పేజీ వాళ్లకు వినిపించండి. సంతకం పెట్టిన ఒక ప్రతి వాళ్ల దగ్గర, ఇంకొకటి ఇంట్లో ఉండాలని కూడా చెప్పండి.