చూడని ఇంటికి అడ్వాన్సు చెల్లించరాదు

బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతాల గ్రామాల నుండి చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు చేరే యువతకు మొదటి చింత బాడుగ ఇల్లు. ఊరిలో ఉండగానే ఇంటర్నెట్‌లో ఇల్లు వెదకుకొనడం నేడు పరిపాటి అయినది. మిరప, వరి అమ్మిన సొమ్ము అడ్వాన్సు రూపంలో మోసగాళ్ళ పాలయ్యే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

వారి పద్ధతి దాదాపు ఒక్కటే. ఎవరిదో ఇంటి ఫొటోలు ప్రకటనలో పెట్టి, ఆ పేటలో నడిచే బాడుగ కంటె బాగా తక్కువ చెబుతారు. తాము సైన్యంలోనో, సి.ఐ.ఎస్.ఎఫ్.లోనో ఉద్యోగులమనీ, బదిలీపై దూరాన ఉన్నామనీ నమ్మబలికి గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. ఆ కార్డు నకిలీది, లేదా మరొకరిది. ఇల్లు చూడడానికి ముందే 'గేటు పాసు' పేరిట కొంత, 'వేరొకరు అడుగుతున్నారు' అంటూ అడ్వాన్సు మొత్తం రాబడతారు.

ఇల్లు బాడుగకు ఇచ్చేవారికీ ఈ బెడద తప్పదు. అడ్వాన్సు పంపుతున్నామని చెప్పి, క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు. యూపీఐలో సొమ్ము పంపడానికే పిన్ అవసరం. సొమ్ము అందుకొనడానికి అక్కరలేదు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండవలెను.

కనుక తామైనా, బెంగళూరులోని బంధువులైనా స్వయంగా ఇంటి లోపలికి వెళ్ళి చూడనిదే ఒక్క రూపాయి పంపరాదు. ఆస్తి పన్ను రసీదులో, కరెంటు బిల్లులో ఉన్న పేరూ, సొమ్ము కోరుతున్న బ్యాంకు ఖాతా పేరూ సరిచూడవలెను. ఇరుగుపొరుగు వారిని విచారించవలెను. కరారు పత్రం వ్రాసుకొని, రసీదు పొందవలెను.

మోసం జరిగితే సిగ్గుపడి దాచరాదు. పెద్దలు కోపించి కాలయాపన చేయరాదు. వెంటనే 1930కి ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చును.

1953లో జిల్లా విడిపోయిన నాటి నుండి ఇక్కడి కుటుంబాలు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. ఇల్లు బెంగళూరులో, ఖాతా ఆదోనిలో ఉంటే ఫిర్యాదు ఎక్కడ అన్న సందేహం సహజం. 1930 దేశమంతటికీ ఒకే నంబరు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, దగ్గరలోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చును. సరిహద్దు అందుకు అడ్డు కాదు.