ఉదజని జల్లెడలు

కేతేపల్లి సమీపమున మూసీనదిపై 1954 మొదలు 1963 వరకు నిర్మింపబడిన జలాశయము కలదు. దాని కుడి యెడమ కాల్వలు సుమారు ముప్పది వేల ఎకరములకు నీరందించును. అచ్చట వరియే ప్రధానమైన పంట. నాట్లు ముగిసిన కొలది దినములకు పొలము గట్లపై యూరియా బస్తాలు కనబడును. ఆ తెల్లని గుళికలను చేతితో వెదజల్లు రైతునకు తన పైరుకు ఉదజనితో సంబంధమున్నదని తోచకపోవచ్చును. కాని 45 కిలోల యూరియా బస్తా యొకటి తయారు కావలెనన్న దాదాపు నాలుగున్నర కిలోల ఉదజని కావలెను. ఉదజని నత్రజనితో కలిసి అమ్మోనియా యగును. అమ్మోనియా బొగ్గుపులుసు వాయువుతో కలిసి యూరియా యగును.

తెలంగాణమున ఈ పని జరుగు చోటు రామగుండము. అచ్చట బొగ్గు ఆధారముగా 1980లో పని మొదలిడిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడెను. ఆ స్థలముననే సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021 మార్చి నెలలో ఉత్పత్తి ప్రారంభించెను. ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యము. సహజవాయువును నీటి ఆవిరితో కలిపి, ఎర్రగా కాలిన గొట్టములగుండ పంపుదురు. గొట్టములలో నికెల్ అంటించిన పింగాణి బిళ్లలుండును. వాయువులోని కర్బనము ఆవిరిలోని ఆమ్లజనిని పట్టుకొనగా ఉదజని విడివడును. అయితే అది ఒంటరిగా రాదు. కర్బనపు వాయువులతో కలిసి వచ్చును. దానిని వేరు చేయుటకు పెద్ద కర్మాగారములలో అంచెలంచెలుగ ఎంతో పని జరుగవలెను. ఒక్క అంచెలోనే వేరు చేయగల జల్లెడ యున్న ఎంత బాగుండును! అట్టి జల్లెడ యున్నది. అది పల్లాడియము అను లోహముతో చేసిన పొర.

ఈ లోహము బయటపడిన తీరు వింతయైనది. 1802లో వూలస్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికా నుండి వచ్చిన ప్లాటినం ఖనిజమును కరగించుచు దీనిని కనుగొనెను. ఆ యేటనే ఆకాశమున కనుగొనబడిన పల్లాస్ అను చిన్న గ్రహము పేరు దీనికి పెట్టెను. కాని తన పేరు చెప్పలేదు. 1803లో లండనులోని ఒక అంగడిలో దీనిని ‘క్రొత్త వెండి’ యని అమ్మకమునకు పెట్టించెను. చెనెవిక్స్ అను రసాయనికుడు ఇది ప్లాటినమును పాదరసమును కలిపి చేసిన మోసమని ప్రకటించెను. అట్లు చేసి చూపిన వారికి ఇరువది పౌనులు బహుమానమని మరల పేరులేని ప్రకటన వెలువడెను. ఎవ్వరును చేయలేకపోయిరి. 1805లో వూలస్టన్ నిజము చెప్పెను. శాస్త్రజ్ఞుడు ఇట్టి దాగుడుమూతలు ఆడుట తగునా యని కొందరు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ అన్యాయమని చెప్పలేము.

దీని అసలు గుణము తెలిసినది 1866లో. థామస్ గ్రాహం అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు, పల్లాడియము తన పరిమాణమునకు ఆరువందల రెట్లకు పైగా ఉదజనిని పీల్చుకొనుననియు, వేడిచేసినచో ఉదజనిని తనగుండ పోనిచ్చి తక్కిన వాయువులను ఆపుననియు చూపెను. ఉదజని అణువు లోహపు ఉపరితలమును తాకి రెండు పరమాణువులుగ చీలును. అవి లోహపు పరమాణువుల నడుమ నుండి దూరి, అవతలివైపునకు చేరి, మరల జతకూడును. ఇతర వాయువులకు ఈ విద్య చేతకాదు.

పల్లాడియము మిక్కిలి ఖరీదైనది. మన దేశమునకు కావలసినది దాదాపు అంతయు పరదేశములనుండి, ముఖ్యముగ రష్యా, దక్షిణాఫ్రికాల గనుల మూలమున వచ్చుచున్నది. కావున గొట్టమంతయు ఈ లోహముతోనే చేయక, సన్నని రంధ్రములుగల పింగాణి గొట్టముపై గిల్టు పూసినట్లు పలుచని పొరగా పూయుదురు. పొర మందము అయిదు మైక్రానులు అనుకొందము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఒక చదరపు మీటరు వైశాల్యముపై అట్టి పొరకు అయిదు ఘన సెంటీమీటర్ల లోహము పట్టును. దాని బరువు అరువది గ్రాములు. గనిలోనైనచో ఒక టన్ను శిలను పగులగొట్టినపుడు ప్లాటినం వర్గపు లోహములన్నియు కలిపి సాధారణముగ కొన్ని గ్రాములే దొరకును.

ఈ పొర శాశ్వతము కాదు. వాయువులో గంధకపు జాడ యున్నను దాని చురుకు చచ్చును. మసి పట్టును. సుమారు మూడువందల డిగ్రీలకు దిగువన ఉదజని తగిలినచో పల్లాడియము ఉబ్బి, నలిగి, చిట్లును. దీనిని తగ్గించుటకే వెండి కలుపుదురు. ఒక్క సూదిబెజ్జము పడినను ఇతర వాయువులు దూరును. అంతటితో జల్లెడ పని ముగిసినట్లే. కాని పాడైనది పనితనమే. లోహము ఎక్కడికిని పోలేదు.

ఈ సంగతి మన కంసాలులకు ఏనాడో తెలిసినది. ఆకురాయితో రాచునపుడు రాలిన బంగారు రజను నేలపైబడి, దుమ్ములో కలియును. ఆ దుమ్మును, కుంపటి బూడిదను కొనుక్కొని పోయి, కడిగి, రజనును తీయువారు కలరు. పొరల నుండి లోహమును తీయుటయు ఇట్టిదే. నీటికి బదులు ఆమ్లము కావలెను.

ముందుగ గొట్టమును గాలిలో కాల్చి మసిని పోగొట్టుదురు. పిదప వేడి నత్రికామ్లములో ఉంచగా పల్లాడియము, వెండి రెండును కరగును, పింగాణి చెక్కుచెదరదు. ఆ ద్రవములో ఉప్పునీరు పోసినచో వెండి తెల్లని పెరుగు తరకలవలె విడివడును. దానిని వడగట్టి, మిగిలిన ద్రవమును అమ్మోనియాతోను, తరువాత హైడ్రోక్లోరికామ్లముతోను శుద్ధి చేయగా పల్లాడియపు లవణము పసుపుపచ్చని పొడియై అడుగున దిగును. ఆ పొడిని ఉదజనిలో వేడిచేసినచో బూడిదవన్నె లోహము మిగులును. ఒకనాడు ఉదజనిని వడగట్టిన లోహము ఉదజని చేతనే మరల లోహరూపము పొందుచున్నది!

ఇది వ్రాసినంత సులభము కాదు. నత్రికామ్లము లోహమును కరగించునపుడు వెలువడు గోధుమవన్నె పొగ ఊపిరితిత్తులను పాడుచేయును. మిగిలిన ఆమ్లజలము సున్నముతో విరుగక కాలువలో కలిసినచో చేపలు చచ్చును. ఉత్తరప్రదేశములోని మొరాదాబాదులో, పాత కంప్యూటర్ల పలకలను ఆరుబయట కాల్చి, బూడిదను రామగంగానది యొడ్డున కడిగి లోహములు ఏరిన కాలము కలదు. లోహము కొందరికి దక్కెను. నది అందరికిని చెడెను. కేతేపల్లి రైతునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. హైదరాబాదు నగరపు మురుగు, కర్మాగారముల వ్యర్థజలము మూసీలోబడి, దిగువన ఆ జలాశయమునకే చేరుచున్నవి. ఎగువన ఎవరో పారబోసిన ఆమ్లము దిగువన మరెవరి మడిలోనో తేలును.

అందుచేతనే 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములు ఎరువుల కర్మాగారములలో వాడి విడిచిన ఉత్ప్రేరకములను సాధారణపు చెత్తగా పారవేయుటకు వీలులేకుండ చేసినవి. రామగుండము వంటి చోట్ల వాడు నికెల్ బిళ్లలకును ఇది వర్తించును. హైదరాబాదు చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధనాలయము పాత ఎలక్ట్రానిక్ పలకలనుండి విలువైన లోహములను శాస్త్రీయముగ రాబట్టు పద్ధతులపై పనిచేయుచున్నది. పలకయైనను, పొరయైనను చేయవలసిన పని ఒక్కటే: పొగను పట్టి కడుగుట, నీటిని విరిచి విడుచుట, లోహమును తూచి చూచుట.

లోహము పోగా మిగిలిన పింగాణి గొట్టమును కడిగి, మరల కాల్చి, పగుళ్లు లేవని పరీక్షించి, క్రొత్త పొర పూయవచ్చును. మొదట పూసిన అరువది గ్రాములలో నూటికి తొంబదియైదు వంతులు తిరిగి వచ్చినచో చేతికందునది 57 గ్రాములు. తక్కిన మూడు గ్రాములు పింగాణి రంధ్రములలోనో, కడిగిన నీటిలోనో ఉండును. కనుకనే ఆ గొట్టమును రెండవమారు ఆమ్లములో ఉంచుదురు. కడిగిన నీటిని పారబోయక, పరీక్షించునంతవరకు తొట్టిలో నిలుపుదురు.