పెరోలుపై ఉన్నవారి కంప్యూటరు, అంతర్జాల వినియోగముపై ఆంక్షలు

శిక్ష లేదా విచారణ పూర్తికాక మునుపే షరతులపై విడుదలైన వ్యక్తి కంప్యూటరును గానీ, అంతర్జాలమును గానీ వాడరాదని, లేదా పరిమితముగా మాత్రమే వాడవలెనని విధించే నిబంధనలు ఈ కోవకు చెందుతాయి. ఇవి అమెరికాలో ఎక్కువగా కనిపిస్తాయి. భారతదేశములో పెరోలు అనగా కుటుంబ అవసరముల వంటి కారణాలతో కొద్దికాలము ఇచ్చే తాత్కాలిక విడుదల మాత్రమే. కావున ఇక్కడ ఇటువంటి ఆంక్షలు ప్రధానముగా బెయిలు షరతుల రూపములో వస్తాయి.

చట్టపరమైన ఆధారము

సమాచార సాంకేతిక చట్టము, 2000లో ఇటువంటి షరతు ఏదీ లేదు. న్యాయప్రయోజనము కొరకు ఇతర షరతులు విధించవచ్చునన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 437(3) సెక్షనే దీనికి ముఖ్య ఆధారము. 2024 జూలై 1 నుండి దాని స్థానములో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 480(3) సెక్షను అమలులో ఉన్నది. ఎంతవరకు నిషేధించవలెనన్నది న్యాయమూర్తి విచక్షణకే వదలివేయబడినది. చిక్కంతా అక్కడే ఉన్నది.

కెవిన్ మిట్నిక్ ఉదంతము

కంప్యూటరు చొరబాట్లకు శిక్ష అనుభవించిన కెవిన్ మిట్నిక్ 2000 జనవరి 21న అమెరికాలో విడుదలయ్యాడు. తరువాతి మూడేళ్ళు అనుమతి లేకుండా కంప్యూటరు, అంతర్జాలము వాడరాదని అతనికి షరతు విధించారు. గడువు 2003 జనవరిలో ముగిసినది. అటుపిమ్మట అతడు కంప్యూటరు భద్రతా సలహాదారుగానే జీవించాడు. అనగా అతనికి తెలిసిన ఏకైక వృత్తినే ఆ మూడేళ్ళూ మూసి ఉంచారన్నమాట.

హైదరాబాదు సందర్భము

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో లక్షలాది మందికి కంప్యూటరే జీవనాధారము. కంపెనీ సమాచారము తస్కరించినాడన్న ఆరోపణపై అరెస్టయిన ప్రోగ్రామరును బెయిలుపై వదలి, కంప్యూటరు ముట్టరాదనడము నేతగానిని మగ్గము ముట్టరాదనడము వంటిదే. నేరము ఇంకా రుజువు కాలేదన్న సంగతి మరువరాదు. ఆ కంపెనీ సర్వర్ల జోలికి పోరాదని, సాక్షులతో సంప్రదించరాదని చెప్పినచో ప్రయోజనము నెరవేరుతుంది. నేడు జీతము, బ్యాంకు పని, కరెంటు బిల్లు, కోర్టు వాయిదా వివరము కూడా ఫోనులోనే చూసుకుంటున్నారు; సంపూర్ణ నిషేధము కుటుంబమంతటినీ తాకుతుంది.

2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, అంతర్జాలము ద్వారా భావప్రకటనకు, వృత్తి నిర్వహణకు రాజ్యాంగ రక్షణ ఉన్నదని తీర్పు చెప్పినది. 2022 జూలైలో మహమ్మద్ జుబేర్ కేసులో, ట్వీట్లు చేయరాదన్న షరతు విధించడానికి అంగీకరించలేదు.

విరుద్ధ దిశలో షరతులు

కొన్ని షరతులు ఫోను వాడి తీరవలెననే రీతిలో ఉంటాయి. వరంగల్లు ప్రాంతమున జన్మించి హైదరాబాదులో నివసించిన విప్లవ కవి వరవరరావుకు 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాలపై బెయిలు మంజూరు చేస్తూ, పక్షమునకొకసారి వాట్సాప్ వీడియో కాల్ ద్వారా పోలీసు స్టేషనుకు హాజరు తెలుపవలెనన్నది. వృద్ధునికి స్టేషను మెట్లు ఎక్కే శ్రమ దీనివలన తప్పినది. అయితే నిందితుడు తానున్న చోటును గూగుల్ మ్యాపులో పోలీసులకు నిరంతరము చూపవలెనన్న మరొక షరతును 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. అది రాజ్యాంగములోని 21వ అధికరణము ఇచ్చే గోప్యతా హక్కుకు భంగకరమని పేర్కొన్నది.